పొగబండి మీద మమకారం ఎక్కడిది?

ఆవిరి ఇంజను సవ్యంగా నడుస్తోందనడానికి గుర్తు నల్లటి పొగ కాదు. ఫైర్‌బాక్సులో బొగ్గు పలచగా, సమంగా పరచుకుని, చాలినంత గాలి అందుతూ తెల్లగా మండుతున్నప్పుడు పొగగొట్టం పైన కనిపించేది లేత బూడిదరంగు తెర మాత్రమే. నల్లగా, దట్టంగా పొగ లేచిందంటే బొగ్గు సగం కాలి సగం గాల్లో కలిసిపోతోందని అర్థం. ఇంజనులో బొగ్గు వేసే, పని తెలిసిన ఫైర్‌మన్‌కు అది నామోషీ. అయితే పాత ఆవిరి ఇంజన్లతో నడిపే వారసత్వ రైళ్లను చూడడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చే అభిమానులు, అందులోనూ కెమెరాలు పట్టుకొచ్చేవారు, కోరుకునేది ఆ నల్లటి పొగనే. కొన్ని దేశాల్లో ఫోటోల కోసమే ప్రత్యేకంగా బండి నడిపి, దాన్ని వెనక్కి తీసుకెళ్లి మళ్లీ ముందుకు రప్పిస్తూ, కావాలని పొగ పెట్టిస్తారు. పొగ పెట్టడమనే మాటకు తెలుగులో ఉన్న అర్థం వేరు గానీ, ఇక్కడ మాత్రం అది అక్షరాలా జరిగే పని.

ఆవిరి రైలు మీద మమకారం ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవడానికి ఈ చిన్న వైరుధ్యం నుంచే మొదలుపెట్టవచ్చు. జనం ముచ్చటపడుతున్నది యంత్రం సామర్థ్యాన్ని చూసి కాదు. బొగ్గులోని శక్తిలో పదో వంతును కూడా ఆవిరి ఇంజను లాగుడుగా మార్చలేదు. డీజిల్ ఇంజను దానికి ఎన్నో రెట్లు నయం. వేగం కూడా కారణం కాదు, సౌఖ్యం అసలే కాదు. కిటికీ పక్కన కూర్చున్నవాడి కంట్లో నలుసు పడేది, తెల్లచొక్కా ఊరు చేరేసరికి మసిచొక్కా అయ్యేది. ఇన్ని లోపాలున్న యంత్రం మీద ఇంత ప్రేమ మిగలడానికి కారణం దాని పనితీరులోనే ఉంది: అది పడుతున్న కష్టం, చూసేవాడికి కళ్లతో, చెవులతో, ముక్కుతో తెలిసిపోతుంది. ఆ తర్వాత వచ్చిన ఇంజన్లన్నీ ఆ కష్టాన్ని డబ్బాలో పెట్టి మూసేశాయి.

చెవితో మొదలుపెడితే ఈ సంగతి లెక్కతో సహా తేలుతుంది. ఒకప్పుడు గుంతకల్లు చుట్టుపక్కల సాగిన లైన్లలో ఎక్కువ భాగం మీటర్ గేజ్, అంటే పట్టాల మధ్య ఎడం ఒక మీటరే. బెంగళూరు వైపు, హుబ్లీ వైపు, నంద్యాల మీదుగా గుంటూరు వైపు, అటు ద్రోణాచలం నుంచి కర్నూలు మీదుగా సికింద్రాబాదు వైపు, ఇటు ధర్మవరం నుంచి కదిరి మీదుగా పాకాల వైపు అన్నీ సన్నపట్టాలే. మన దేశపు మీటర్ గేజ్ మీద ప్రయాణికుల బండ్లను లాగడానికి తయారైన ఇంజన్లలో పేరున్నది వై.పి. తరగతి. దాని పెద్ద చక్రం వ్యాసం 1,372 మిల్లీమీటర్లు, అంటే చక్రం ఒక్కసారి తిరిగితే బండి సుమారు 4.3 మీటర్లు కదులుతుంది. రెండు సిలిండర్లు ఉంటాయి, ఒక్కోదానిలో పిస్టన్‌ను ఆవిరి అటూ ఇటూ నెడుతుంది. కాబట్టి చక్రం ఒక చుట్టు తిరిగేలోపు వాడిన ఆవిరి నాలుగుసార్లు పొగగొట్టం గుండా బయటికి తన్నుకొస్తుంది. ఆ నాలుగు తన్నులే ‘చుక్ చుక్’ అనే నాలుగు దెబ్బలు. బండి గంటకు 60 కిలోమీటర్ల మీద పోతుంటే సెకనుకు పదిహేను దెబ్బలు పడతాయి, అవి చెవికి విడివిడిగా అందక ఒకే హోరుగా కలిసిపోతాయి. 15 కిలోమీటర్ల వేగంలో సెకనుకు నాలుగే. పిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని ఆడే రైలాటలో వినిపించే చప్పుడు ఇదే. అంటే మన జ్ఞాపకాల్లో నిలిచిపోయింది వేగంగా పోయే రైలు కాదు. స్టేషన్ నుంచి అప్పుడే కదులుతున్న రైలు, లేదా ఎక్కుడులో రొప్పుతున్న రైలు.

ఆ దెబ్బల వెనుక మరో కిటుకు ఉంది. సిలిండర్ల నుంచి వచ్చే ఆవిరిని ఉత్తపుణ్యానికి గాల్లోకి వదలరు. పొగగొట్టం అడుగున ఒక సన్నని గొట్టం గుండా పైకి చిమ్మిస్తారు. అది వేగంగా పైకి పోతూ బాయిలర్ గొట్టాల్లోని వేడిగాలిని తనతో లాక్కుపోతుంది, ఆ లాగుడుకు ఫైర్‌బాక్సులోకి కొత్త గాలి దూసుకొచ్చి నిప్పు రాజుకుంటుంది. బరువు పెరిగి ఇంజను గట్టిగా లాగిన కొద్దీ ఆవిరి గట్టిగా చిమ్ముతుంది, నిప్పు అంత గట్టిగా మండుతుంది, మరింత ఆవిరి పుడుతుంది. కొలిమితిత్తిని ఇంజనే తొక్కుకుంటుందన్నమాట. కాబట్టి ఎక్కుడులో దెబ్బ బరువుగా, లోతుగా పడుతుంది, దిగుడులో ఆవిరిని వదిలే రెగ్యులేటర్ మూస్తే ఇంజను మౌనంగా జారిపోతుంది. పట్టాలకు అరమైలు దూరాన పొలంలో పని చేసుకుంటున్నవాడు కూడా తల ఎత్తకుండానే బండి ఎక్కుతోందో, దిగుతోందో, చక్రాలు జారుతున్నాయో చెప్పగలిగేవాడు. కరెంటు ఇంజను అయిదువేల టన్నుల గూడ్సును లాగుతున్నా, ఖాళీ పెట్టెలను లాగుతున్నా బయటివాడి చెవికి పెద్ద తేడా తెలియదు.

రాయలసీమకు వస్తే ఈ ఆకర్షణకు మరో పొర కలుస్తుంది, అది నీటిది. ఆవిరి ఇంజను బొగ్గు కంటే నీరే ఎక్కువ వాడుతుంది. ఒక లీటరు నీరు మామూలు పీడనంలో ఆవిరైతే దాదాపు 1,700 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. ఆ పెనుగులాటనే ఇంజను పనికి వాడుకుంటుంది, వాడినదాన్ని గాలికి వదిలేస్తుంది. కాబట్టి మళ్లీ మళ్లీ నీళ్లు పట్టాల్సిందే. వానలు తప్పిపోయే సీమలో, తాగునీటికే మైళ్లు నడిచిన ఊళ్ల మధ్య, ఇంత దాహం ఉన్న యంత్రాన్ని నడపడం చిన్న విషయం కాదు. ‘ఇంజను నీళ్లు తాగుతోంది’ అనడం ఇక్కడ అలంకారంగా పుట్టిన మాట కాదు, బండి ఎందుకు ఆగిందని అడిగినవాడికి చెప్పే జవాబు. ప్లాట్‌ఫాం చివర ఏనుగు తొండంలా వంగిన ఇనుప గొట్టాన్ని తిప్పి, ఇంజను వెనుక బొగ్గు, నీళ్లు మోసే టెండర్ మీదికి తెచ్చి, నీళ్లు ధారగా వదులుతుంటే, బండిలోని జనం దిగి చెట్టు కింద నిలబడేవారు, టీ తాగేవారు, పిల్లలు ఇంజను దగ్గరికి పరిగెత్తేవారు. యంత్రం అవసరం కోసం ఆగిన ఆ పది నిమిషాలు మనుషులకు కలిసొచ్చేవి. ఈనాటి వారసత్వ ప్రయాణాల్లో జనం ఎక్కువగా చెప్పుకునేది కూడా ఈ ఆగడం గురించే. నీలగిరి కొండ రైలు హిల్‌గ్రోవ్‌లో నీళ్లు పట్టుకోవడానికి నిలిచినప్పుడు ప్రయాణికులంతా కిందికి దిగి ఇంజను చుట్టూ మూగుతారు.

నీరు దొరికితే సరిపోదు, మంచినీరు కావాలి. సీమలో బావినీళ్లు, బోరునీళ్లు చాలాచోట్ల గట్టినీళ్లు. కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర పేరుకోవడం ఇక్కడి ప్రతి వంటింటికీ తెలుసు. బాయిలర్‌లోనూ జరిగేది అదే. గొట్టాలకు ఆ పొర పట్టిందంటే వేడి నీటికి చేరదు, బొగ్గు ఎక్కువ కాలుతుంది, గొట్టం తానే మాడి చెడిపోతుంది. అందుకే కొన్ని రోజులకొకసారి ఇంజనును షెడ్డుకు తెచ్చి, చల్లార్చి, లోపలంతా కడిగి, గీకి, మళ్లీ నిప్పు రాజేయాల్సి వచ్చేది. లోకో షెడ్డు ఎక్కడ పెట్టాలన్న నిర్ణయంలో నదికి, చెరువుకు ఉన్న విలువ దీన్నిబట్టి ఊహించవచ్చు.

మద్రాసు నుంచి రాయచూరుకు వేసిన పెద్దలైను (బ్రాడ్‌గేజ్) కడప మీదుగా సాగి, 1871లో బొంబాయి వైపు నుంచి వచ్చిన లైనుతో కలిసింది. ఆ లైను మీద చెయ్యేటి ఒడ్డున ఉన్న నందలూరు, సౌమ్యనాథస్వామి గుడికి ఎంత పేరో ఆవిరి ఇంజన్ల షెడ్డుకూ ఒకప్పుడు అంత పేరు. ఇంజన్లు మారేది ఇక్కడ, సిబ్బంది డ్యూటీ దిగి విశ్రాంతి తీసుకునేది ఇక్కడ. ఊరి అంగళ్లు, హోటళ్లు, కిరాయి ఇళ్లు అన్నీ ఆ షెడ్డును నమ్ముకుని పెరిగాయి. డీజిల్ ఇంజనుకు నీళ్ల కోసం ఆగే పని లేదు, కడిగించుకునే పని లేదు, నూరు కిలోమీటర్లకోసారి మారాల్సిన పని లేదు. ఆవిరి పోవడంతో నందలూరు షెడ్డు మూతపడింది, దాని బదులు మరో రైల్వే పరిశ్రమ కావాలన్న కోరిక ఆ ప్రాంతంలో ఎన్నో ఎన్నికల ప్రచారాలను చూసింది. గుంతకల్లు మాత్రం జంక్షన్ కావడం వల్ల, 1956 నుంచి డివిజన్ కేంద్రం కావడం వల్ల నిలదొక్కుకుంది. పక్కనే ఉన్న గుత్తి డీజిల్ షెడ్డుతో కొత్త పేరు తెచ్చుకుంది. ఒకే యంత్రం పోయినందుకు ఒక ఊరు వాడిపోతే మరో ఊరు వేషం మార్చుకుంది. నందలూరులో ఆవిరి ఇంజను గురించి మాట్లాడేవారి గొంతులో వినిపించేది ఉత్త మురిపెం కాదు, పోయిన ఉపాధి మీద దిగులు కూడా. విహారయాత్రికుడి మమకారాన్ని, షెడ్డు ఊరి మమకారాన్ని ఒకే గాటన కట్టలేం.

‘నోస్టాల్జియా’ అన్న మాట పుట్టుక కూడా ఈ రెండో రకానికే దగ్గర. 1688లో యోహానెస్ హోఫర్ అనే స్విట్జర్లాండ్ వైద్య విద్యార్థి, పరాయి గడ్డ మీద ఉంటూ ఇంటి మీద బెంగతో చిక్కిపోతున్నవారి జబ్బుకు ఆ పేరు పెట్టాడు. అంటే మొదట అది చోటు మీద బెంగ. కాలం మీద బెంగగా మారింది తర్వాత. మన పొగబండి విషయంలో ఈ రెండూ కలిసే ఉన్నాయి. అనంతపురం, హిందూపురం నుంచి బెంగళూరుకు కూలికి పోయినవాడికి రైలు కూత ఇల్లు వదిలిన గంట. అదే కూత పండక్కి ఇల్లు చేరిన గంట కూడా. ఊళ్లో గడియారం లేని ఇళ్లకు మెయిలు కూతే వేళ చెప్పేది. ఒక చప్పుడుకు ఇన్ని పనులు అప్పగించినప్పుడు, అది వినిపించకుండా పోయిన రోజున లోటు తెలియకుండా ఉండదు.

వాసన సంగతి వేరే చెప్పాలి. వేడి నూనె, తడి ఆవిరి, గంధకం కలిసిన బొగ్గు పొగ, ఈ మూడూ కలిసిన వాసన మరే యంత్రానికీ లేదు. వాసనను గ్రహించే నరాలు మెదడులో ఉద్వేగాలకు, జ్ఞాపకాలకు సంబంధించిన భాగాలతో మిగతా ఇంద్రియాల కంటే దగ్గరి దారిలో ముడిపడి ఉంటాయి. నలభై ఏళ్లకు ఆ వాసన మళ్లీ తగిలినప్పుడు పెద్దవాళ్లు కాసేపు మాట రాకుండా నిలబడిపోవడం వెనుక ఉన్నది ఇదే.

కాలక్రమం చూస్తే, ఆవిరి ఒక్క రోజులో పోలేదు. చిత్తరంజన్ కర్మాగారం 1950లో ఆవిరి ఇంజన్ల తయారీ మొదలుపెట్టి మొత్తం 2,351 తయారు చేసింది. అక్కడి చివరి బ్రాడ్‌గేజ్ ఆవిరి ఇంజను 1970లో బయటికొచ్చింది. దానికి ‘అంతిమ్ సితారా’ అని పేరు పెట్టడంలోనే వీడ్కోలు ఉంది. ముక్కు మీద నక్షత్రంతో మెరిసిన డబ్ల్యు.పి. ఇంజన్లు, 1947 నుంచి వచ్చిన 755, ఒకప్పుడు మెయిళ్లకు, ఎక్స్‌ప్రెస్‌లకు గర్వకారణం. బ్రాడ్‌గేజ్ మీద చివరి రోజువారీ ఆవిరి బండి 1995 డిసెంబరు 6న పంజాబులో నడిచింది. పట్టాలన్నింటినీ ఒకే కొలతకు తేవాలని 1992లో మొదలైన ఏకరీతి గేజ్ పథకంతో సీమలోని సన్నపట్టాలు కూడా ఒక్కొక్కటిగా లేచిపోయాయి. నల్లమలలో దొరబావి లోయ మీద కట్టిన పాత వంతెన ఆ మార్పుతోనే పని లేనిదైంది. పెద్దలైను వేరే దారి చూసుకుంది.

ఈ లెక్కన సీమలో ఆవిరి ఇంజను వెనుక ప్రయాణించిన జ్ఞాపకం ఉన్నవారు ఇప్పుడు నడివయసు దాటినవారు. అయినా వారసత్వ రైళ్ల దగ్గర కనిపించే గుంపులో చాలామంది దాన్ని ఎన్నడూ ఎక్కనివారే. చూడని కాలం మీద బెంగ ఉంటుందా అన్న ప్రశ్నకు జవాబు మళ్లీ ఇంజను పనితీరులోనే ఉంది. చేతిలోని ఫోను ఎలా పనిచేస్తుందో వాడేవాడికి కనిపించదు; ఆవిరి ఇంజనులో కడ్డీ చక్రాన్ని నెడుతుండడం అయిదేళ్ల పిల్లకు కూడా కనిపిస్తుంది. నిప్పు, నీరు, ఇనుము, మనిషి, ఇంతే. దాన్ని ముచ్చటపడడానికి గతం అక్కర్లేదు.

అయితే ఈ ముచ్చటకు ఒక గుడ్డిచోటు ఉంది. కష్టం కనిపిస్తుందన్నాం గానీ, ప్లాట్‌ఫాం మీద నిలబడినవాడికి కనిపించేది ఇంజను కష్టమే. ఫైర్‌మన్ కష్టం అంతగా కనిపించదు. పారకు అయిదు కిలోల బొగ్గు అనుకుంటే టన్నుకు 200 సార్లు నడుం వంచి లేవాలి, అదీ ఊగుతున్న ఇనుప పలక మీద, ముందు మంట, వెనుక ఎండ. ప్రతి పారనూ ఎక్కడ పడితే అక్కడ విసిరితే కుదరదు. వెనుక మూలలకు ఎక్కువ, నడుమ పలచగా, నిప్పుకు బొర్రలు పడకుండా చల్లాలి. గాజుగొట్టంలో నీటిమట్టం మీద ఒక కన్ను, పీడనం ముల్లు మీద ఇంకో కన్ను. నీటిమట్టం తగ్గి ఫైర్‌బాక్సు పైకప్పు బయటపడిందంటే బాయిలర్ పేలే ప్రమాదం. మే నెలలో గుంతకల్లు ఎండలో ఈ పని చేసినవారెవరూ ఆ రోజులు మళ్లీ రావాలని కోరుకుంటారనుకోలేం. అదే మనిషి తాను నడిపిన ఇంజను నంబరు చెప్పేటప్పుడు మాత్రం ఇంటి ఎద్దు పేరు చెప్పినట్టే చెబుతాడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండడంలో వింతేమీ లేదు.

చరిత్రలోకి ఇంకాస్త వెనక్కి వెళితే మురిపెం ఇంకా పలచబడుతుంది. 1876–78 నాటి ధాత కరువు బళ్లారి, అనంతపురం, కర్నూలు, కడప సీమలను ఊడ్చిపెట్టింది. మద్రాసు లైను ధాన్యాన్ని మోసుకొచ్చిన మాట నిజమే. రైళ్లు ధాన్యాన్ని రేవులకూ తరలించాయన్న విమర్శ కూడా అంతే నిజం. 1880 నాటి కరువు కమిషన్ కరువు రక్షణకు రైలుమార్గాలు వేయాలని గట్టిగా చెప్పింది. బళ్లారి–కృష్ణా స్టేట్ రైల్వే పేరుతో గుంతకల్లు నుంచి నల్లమల దాటి కృష్ణా తీరానికి వేసిన మీటర్ గేజ్ లైను ఆ ఆలోచనతో వచ్చిందే. ఈ పట్టాల మీద నడిచిన పొగబండిని తలచుకునేటప్పుడు దాని పుట్టుక వెనుక ఆకలి ఉందన్న సంగతిని పక్కన పెట్టలేం.

నేడు మన దేశంలో ఆవిరిని నిజంగా చూడగల చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 1855 నాటి ‘ఫెయిరీ క్వీన్’ 1997లో మళ్లీ పట్టాలెక్కి, నడుస్తున్న ఇంజన్లలో ప్రపంచంలోకెల్లా పాతదిగా గిన్నిస్ గుర్తింపు పొందింది. దాని తోబుట్టువు ఈ.ఐ.ఆర్. 21ను పెరంబూరు కర్మాగారంలో 2010లో బాగుచేసి, చెన్నైలో ప్రత్యేక సందర్భాల్లో నడిపారు. డార్జిలింగ్ బండికి 1999లో, నీలగిరి బండికి 2005లో యునెస్కో గుర్తింపు వచ్చింది. సీమవాసులకు వీటిలో అందుబాటులో ఉన్నది నీలగిరి రైలు. మేట్టుపాళయం దాటాక కల్లార్ నుంచి కూనూరు దాకా పట్టాల నడుమ రంపంలా పళ్లున్న కమ్మీని పట్టుకుని, పన్నెండున్నర అడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కే చోట, వెనుక నుంచి ఆవిరి ఇంజను పెట్టెలను నెడుతుంది. అక్కడి ఇంజన్లలో చాలావరకు ఇప్పుడు చమురుతో మండుతున్నాయి కాబట్టి బొగ్గు వాసన తగ్గింది. అయినా ఎవరికీ ఫిర్యాదు లేదు, ఎందుకంటే ఆ కొండ మీద ఇంజను నిజంగానే కష్టపడుతోంది.

దీనికి భిన్నమైన ప్రయోగం గుజరాత్‌లో జరిగింది. 2023లో ఏక్తానగర్, అహ్మదాబాదుల మధ్య ప్రారంభించిన వారసత్వ రైలుకు ముందుండేది ఆవిరి ఇంజను రూపమే, లోపల నడిపేది మాత్రం కరెంటు. కాలుష్యం లేదు, ఖర్చు తక్కువ, ఫోటోకు అందం. ఇందులో తప్పుపట్టాల్సింది లేదు గానీ, పెళ్లి పందిట్లో ప్లాస్టిక్ అరటిబోదె లాంటిదే ఇది. దూరానికి లోటు తెలియదు, దగ్గరికి వెళ్లి చెయ్యి వేస్తే తెలుస్తుంది. నిప్పుకూ చప్పుడుకూ ఉన్న లంకె తెగిపోయాక మిగిలేది ఆకారం ఒక్కటే. రైల్వే కార్యాలయాల ముందు దిమ్మె మీద రంగు వేసి నిలబెట్టిన పాత ఇంజన్లకూ ఇదే పరిమితి. పిల్లలు ఎక్కి దిగుతారు, ఫోటో దిగుతారు, అయిదు నిమిషాల్లో వెళ్లిపోతారు.

బ్రిటన్‌లో ఈ పనిని జనమే చేతికి తీసుకున్నారు. వేల్స్‌లోని టాలిలిన్ అనే చిన్న లైను మూతపడబోతుంటే 1951 నుంచి స్వచ్ఛంద సేవకులు నడపసాగారు. అక్కడి జాతీయ రైల్వే 1968లో ఆవిరికి వీడ్కోలు చెప్పేనాటికే నిప్పు రాజేయడం, బాయిలర్ కడగడం నేర్చిన ఔత్సాహికులు సిద్ధంగా ఉన్నారు. పాత డ్రైవర్ల దగ్గర పని నేర్చినవారు కొత్తవారికి నేర్పారు. మన దగ్గర ఆ పని రైల్వే ఉద్యోగంగానే ఉండి, ఉద్యోగంతోనే ముగిసింది.

గుంతకల్లు లేదా నందలూరు నుంచి ఒక ఆవిరి బండిని ఏడాదికి కొన్నిసార్లయినా నడపవచ్చా అన్నది తరచు వినిపించే ఆశ. సన్నపట్టాలు లేవు కాబట్టి వై.పి. ఇంజనుకు ఇక్కడ దారి లేదు, బ్రాడ్‌గేజ్ ఇంజనునే తేవాలి. పైన 25,000 వోల్టుల తీగ ఉంది కాబట్టి టెండర్ మీదికి ఎక్కి బొగ్గు సర్దడం, నీళ్లు పట్టడం ప్రాణాంతకం. దానికి తీగ లేని పక్కలైను చూడాలి. తీగను మోసే పింగాణీ బుడిపెలకు మసి పట్టకుండా తుడవాలి. నీటి గొట్టాలు స్టేషన్లలో లేవు, ట్యాంకరుతో తేవాలి, అదీ గట్టినీరు కాకుండా. ఇవన్నీ డబ్బుతో తీరే చిక్కులు. తీరనిది ఒకటుంది: ఉదయం పదింటికి బయలుదేరే బండికి నిప్పు ముందురోజు రాత్రే పెట్టాలి. చల్లటి బాయిలర్‌ను తొందరపడి వేడి చేస్తే ఇనుము ఒకచోట సాగి మరోచోట సాగక అతుకులు కారతాయి, అందుకని గంటల తరబడి చిన్న మంట మీద మెల్లగా కాచాలి. ఆ మంట ఎంత ఉండాలో చూపుతోనే చెప్పగల చేతులు ఈ సీమలో ఇంకా కొన్ని ఉన్నాయి. వాటిలో అన్నింటికంటే చిన్నవాటికే ఇప్పుడు అరవై దాటాయి.